గడులు చాలని సంఖ్య



ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం మొదలుపెట్టే రోజు మా మాస్టారు బోర్డు మీద మూడు గడులు గీసేవారు. ‘ఇందులో పట్టే పెద్ద సంఖ్య ఎంత?’ అని అడిగేవారు. 999 అనేవాళ్లం. ‘మరి వెయ్యో మనిషి వస్తే?’ ఒకరు ఇంకో గడి గీద్దామనేవారు. ఒకరు మనుషుల్ని కాదు, కుటుంబాలను లెక్కపెడదామనేవారు. ఇంకొకరు రెండో పుస్తకం తెరుద్దామనేవారు. అన్నీ విని, ఆయన ఆ గడుల్లో 000 అని రాసి, ‘మీరెవరూ చెప్పనిది ఇది. యంత్రాన్ని దాని మానాన వదిలేస్తే చేసేది ఇదే’ అనేవారు. ఆ మాట నాకు పూర్తిగా అందడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇవాళ మీ ముందు పెట్టబోయేది ఆ మూడు గడుల సంగతే.

డిస్క్ నిండిపోవడం వేరు, డిస్క్ హద్దు వేరు. నిండితే పాత సామాను తీసేసి చోటు చేసుకుంటాం. హద్దు దగ్గర చోటుకేమీ లోటుండదు. ఆ చోటు చిరునామా రాయడానికి గడులుండవు. ఒక ప్రోగ్రాం ‘ఈ ఫైల్లో ఇన్నో బైటు నుంచి చదువు’ అంటుంది. ఫైల్ సిస్టమ్ దాన్ని బ్లాక్ నంబరుగా మారుస్తుంది. కెర్నల్‌లోని బ్లాక్ పొర పార్టిషన్ ఎక్కడ మొదలైందో చూసి, ఆ నంబరు కూడా కలిపి, సెక్టార్ నంబరు కడుతుంది. డ్రైవర్ దాన్ని డిస్క్‌కు అర్థమయ్యే ఆదేశంగా పంపుతుంది. ఒకే చిరునామా ఇన్ని చేతులు మారుతుంది. ప్రతి చేతిలోనూ దానికి ఇన్ని బిట్లు చాలునని ఎప్పుడో ఎవరో నిర్ణయించి ఉంటారు. గోదావరి డెల్టా రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కాలువ ఎంత వెడల్పున్నా, చేలోకి పారే నీరు తూము ఎంతుందో అంతే. డిస్క్ హద్దు మామూలుగా అన్నిటికన్నా ఇరుకైన పొర దగ్గరే ఉంటుంది.

1975లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన యూనిక్స్ ఆరో సంచికలో బ్లాక్ నంబరుకు 16 బిట్లు. అంటే 65,536 బ్లాక్‌లు. ఒక్కో బ్లాక్ 512 బైట్లు కాబట్టి మొత్తం 32 మెగాబైట్లు. ఆనాటి చిన్న డిస్క్‌లకు అది ధారాళం. ఫైల్లో ముందుకూ వెనక్కూ జరగడానికి ‘సీక్’ అనే పిలుపు ఉండేది. అదీ 16 బిట్ల సంఖ్యనే తీసుకునేది కాబట్టి, 65,535వ బైటు దాటి చెప్పడానికి వీల్లేదు. దానికి ఆ రచయితలు చేసిన ఉపాయం చూడండి. ఆ పిలుపులో 3, 4, 5 అని మరో మూడు పద్ధతులు పెట్టారు. వాటిలో ఇచ్చిన సంఖ్యను 512తో గుణించుకోవాలి. బైట్లలో చెప్పలేనిది బ్లాకుల్లో చెప్పడం, అంటే మనుషుల్ని వదిలి కుటుంబాలను లెక్కపెట్టడం. 1979 నాటి ఏడో సంచికలో ఆ అవసరం తీరింది. పొడవైన సంఖ్యను తీసుకునే ‘ఎల్‌సీక్’ వచ్చింది. ఆ పేరు ముందున్న ‘ఎల్’ లాంగ్ అనే మాటకు గుర్తు. నేటికీ ప్రతి లినక్స్ యంత్రంలో ఆ అక్షరం ఉంది. ఒక హద్దు దాటిన గుర్తు భాషలో అలా నిలిచిపోయింది.

ఇళ్లకూ ఆఫీసులకూ వచ్చిన పీసీలు ఇదే దారిలో నడిచాయి. 1983 నాటి ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో డిస్క్ 10 మెగాబైట్లు. డాస్‌లో సెక్టార్ నంబరుకు 16 బిట్లే కాబట్టి పార్టిషన్ 32 మెగాబైట్ల దగ్గర ఆగిపోయేది. పెద్ద డిస్క్‌లు వచ్చేసరికి 1987లో డాస్ 3.3 ఒక డిస్క్‌ను సీ, డీ, ఈ అని ముక్కలు చేసుకోనిచ్చింది. అది రెండో పుస్తకం తెరవడం. మరుసటి ఏడు డాస్ 4 సెక్టార్ నంబరును 32 బిట్లు చేసింది. అంతటితో హద్దు పోయిందా? పోలేదు, పై పొరకు జరిగింది. ఫైళ్ల పట్టికలో ప్రతి నమోదూ ఇంకా 16 బిట్లే. కాబట్టి సెక్టార్లను గుంపులుగా కట్టి, ఒక్కో గుంపును క్లస్టర్ అన్నారు. డిస్క్ పెరిగేకొద్దీ గుంపు పెరిగింది. చివరికి 32 కిలోబైట్ల గుంపుతో 2 గిగాబైట్ల దగ్గర ఆగింది. కుంచంతో తప్ప కొలవనివాడి దగ్గర పిడికెడు గింజలకూ కుంచం పట్టినట్టు, అక్కడ ఒక్క అక్షరమున్న ఫైలు కూడా 32 కిలోబైట్లు తినేది. 1996లో విండోస్ 95 రెండో విడతతో వచ్చిన ఫ్యాట్32 ఆ కుంచాన్ని చిన్నది చేసింది. అప్పట్లో చాలామంది తమ డిస్క్ మార్చకుండానే వందల మెగాబైట్లు తిరిగి సంపాదించుకున్నారు.

ఇన్ని హద్దుల్లోనూ మాస్టారు ఎక్కువసేపు చెప్పేది 528 మెగాబైట్ల హద్దు గురించి. ఎందుకంటే ఆ సంఖ్యను ఎవరూ ఎంచుకోలేదు. ఆ రోజుల్లో డిస్క్ మీద ఒక చోటును మూడు సంఖ్యలతో చెప్పేవారు. ఎన్నో సిలిండర్, ఎన్నో హెడ్, ఎన్నో సెక్టార్ అని. పీసీ బయోస్ వీటికి 10, 8, 6 బిట్లు ఇచ్చింది. ఆ లెక్కన 8.4 గిగాబైట్ల దాకా వెళ్లొచ్చు. డిస్క్ ఆదేశాల ప్రమాణమైన ఏటీఏ 16, 4, 8 బిట్లు ఇచ్చింది. దాని లెక్కన 137 గిగాబైట్ల దాకా వెళ్లొచ్చు. రెండూ విడివిడిగా ఉదారమైనవే. కలిపి వాడితే ప్రతి సంఖ్యకూ ఇద్దరిలో తక్కువ ఇచ్చినవాడి మాటే చెల్లుతుంది. 10, 4, 6 మిగులుతాయి. 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, 512 బైట్లు. గుణిస్తే 52,84,82,304 బైట్లు. ఇద్దరు మంచి ఇంజినీర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చెరో సగం గీస్తే మధ్యలో మిగిలే ఇరుకు సందు అది.

దాన్ని దాటడానికి బయోస్ ఒక అబద్ధం నేర్చింది. సిలిండర్లను సగం చేసి హెడ్లను రెట్టింపు చేసి, అవసరమైనన్ని సార్లు అలాగే చేసి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు 255 హెడ్లున్న డిస్క్‌ను చూపించింది. నిజానికి పెట్టెలో ఉన్నవి కొద్ది పళ్లేలే. ఆ అబద్ధం పనిచేసింది, ఎన్నో ఏళ్లు నడిచింది. కానీ రెండు యంత్రాలు రెండు రకాలుగా అబద్ధమాడితే డిస్క్ ఒకదాంట్లోంచి తీసి ఇంకొకదాంట్లో పెట్టగానే చదవరాకుండా పోయేది. 1990ల చివర లినక్స్ నేర్చుకున్న మా తరానికి దీని బాధ తెలుసు. బూట్ చేసే లిలో ప్రోగ్రాం బయోస్‌ను నమ్ముకునేది. బూట్‌కు కావాల్సిన ఫైళ్లు 1024వ సిలిండర్ అవతల పడితే తెర మీద ‘ఎల్’, ‘ఐ’ అనే రెండు అక్షరాలు వచ్చి యంత్రం నిలబడిపోయేది. డిస్క్ మొదట్లో ‘బూట్’ అని చిన్న పార్టిషన్ వేసుకునే అలవాటుకు బలం వచ్చింది అక్కడే.

మూడు సంఖ్యల గొడవ వదిలేసి, సెక్టార్లన్నిటికీ 0 నుంచి ఒకే వరుస నంబరు వేయడం సరైన దారి. ఏటీఏలో దానికి 28 బిట్లు దక్కాయి. 26,84,35,456 సెక్టార్లు, 137 గిగాబైట్లు. డిస్క్ తయారీదారులు ఆ గోడకు కూడా చేరుకున్నారు. 2002 నాటి ఏటీఏ-6 ప్రమాణం దాన్ని 48 బిట్లు చేసింది. చేసిన తీరు నాకు ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది. డిస్క్ కంట్రోలర్‌లో చిరునామా రాసే రిజిస్టర్లు 8 బిట్లవి. వాటిని వెడల్పు చేస్తే పాత కేబుళ్లు, పాత కార్డులు అన్నీ పనికిరాకుండా పోతాయి. అందుకని ఒకే రిజిస్టర్‌లో వరుసగా రెండుసార్లు రాయమన్నారు. మొదట రాసింది వెనక్కి జరిగి పై సగమవుతుంది, తర్వాత రాసింది కింది సగం. వాకిలి అదే, సామాను రెండు మోతల్లో లోపలికి వెళ్తుంది. పాత ఆదేశాలను కదిలించకుండా, రెండు మోతల కోసం కొత్త ఆదేశాలను పక్కన చేర్చారు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. 2004 వేసవిలో ఒక గ్రంథాలయం కోసం పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసే పనిలో ఉన్నాను. 160 గిగాబైట్ల డిస్క్ కొన్నాం. కొత్త యంత్రంలో దానికి ఒకే పార్టిషన్ వేసి, ఫార్మాట్ చేసి, స్కానర్ ఉన్న పాత యంత్రానికి తగిలించాం. నెలల పాటు ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు సాయంత్రం పని ముగించి ఆఫ్ చేశాం. మర్నాడు ఆ డ్రైవ్ అక్షరమే కనిపించలేదు. ఆ కాగితాల్లో కొన్ని స్కాన్ చేస్తుండగానే పొడి అయిపోయినవి. మళ్లీ చేద్దామంటే లేవు. నేను ఏడుపు ఆపుకుని మాస్టారి ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆయన రిటైరై రెండేళ్లు.

ఆయన చేసిన మొదటి పని, ఆ డిస్క్ మీద ఎవ్వరూ ఏమీ రాయకూడదని చెప్పడం. రెండోది, దాన్ని కొత్త యంత్రానికి తగిలించి 0వ సెక్టార్‌ను ఉన్నదున్నట్టు తెర మీద పరవడం. అక్కడ పార్టిషన్ పట్టిక ఉండాలి. చివర 55, ఏఏ అనే రెండు గుర్తు బైట్లు ఉండాలి. అవి లేవు, ఒక బొమ్మ తాలూకు బైట్లు ఉన్నాయి. తర్వాతి సెక్టార్లలో ఆ బొమ్మే కొనసాగుతోంది. మాస్టారు కాగితం మీద 26,84,35,456 అని రాసి దాని కింద గీత గీశారు. పాత యంత్రంలోని డ్రైవర్‌కు 28 బిట్లే తెలుసు. మా ఫైళ్లు ఆ గీత దాటిన క్షణాన పైనున్న బిట్టు రాలిపోయింది. 26,84,35,456వ సెక్టార్‌కు వెళ్లాల్సిన బొమ్మ 0వ సెక్టార్‌లో పడింది. స్కూటర్ మీటరు తొమ్మిదులన్నీ అయిపోయాక సున్నాలకు తిరిగినట్టు. ‘ఆ రోజు బోర్డు మీద రాశానే, ఇదే’ అన్నారాయన.

ఆ డిస్క్ మీద మేం వేసిన ఫైల్ సిస్టమ్ తన మొదటి సెక్టార్ నకలును పార్టిషన్ చిట్టచివర దాచుకుంటుంది. ఆ చివర 137 గిగాబైట్లకు అవతల ఉంది కాబట్టి పాత యంత్రం దాన్ని ముట్టుకోలేకపోయింది. ఫైళ్ల అసలు పట్టిక డిస్క్‌లో కొంత లోపల ఉండటంతో అదీ బతికింది. మూడు రోజులు కూర్చుని ఆయన పార్టిషన్ పట్టికను చేత్తో తిరిగి రాశారు, చివరి నకలును ముందుకు తెచ్చారు. దారి తప్పిన బొమ్మలను వాటి చిరునామాల్లోంచి 26,84,35,456 తీసేసి, ఎక్కడ పడ్డాయో అక్కడి నుంచే ఏరుకొచ్చారు. వాటి కింద నలిగిపోయిన కొన్ని పుటలు మాత్రం పోయాయి. అవి నాకు ఇంకా గుర్తున్నాయి.

ఆ తర్వాత నేను చదివిన ప్రతి డిజైన్‌లోనూ ఒక్కటే వెతుకుతూ వచ్చాను. గడులు పెంచడం అందరూ చేస్తారు. గడులు పెరిగాయని తెలియని పాత పొరకు ఆ సంగతి ఎలా చెప్పారు? మన ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు 2 చేర్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఎక్స్చేంజీలు మారడం తేలిక. డైరీల్లో, దుకాణాల బోర్డుల మీద, పెళ్లి శుభలేఖల మీద పాత నంబర్లు ఏళ్ల తరబడి ఉండిపోయాయి. అయితే పాత నంబరు తిప్పితే ఒక గొంతు అది తప్పని చెప్పేదే గానీ ఇంకెవరి ఇంటికో కలిపేది కాదు. డిస్క్ పొరల్లో ఆ గొంతును ఎవరైనా ప్రత్యేకంగా కట్టాలి.

లినక్స్ వాళ్ల ఈఎక్స్‌టీ2 ఫైల్ సిస్టమ్‌లో దాన్ని కట్టారు. అందులో ప్రతి కొత్త సౌకర్యానికీ ఒక గుర్తు బిట్టు ఉంటుంది, ఆ గుర్తులు మూడు జాతులు. మొదటి జాతి గుర్తు తెలియకపోయినా ఫర్వాలేదు, వాడుకో. రెండో జాతి గుర్తు తెలియకపోతే చదువుకో, రాయకు. మూడో జాతి గుర్తు తెలియకపోతే అసలు తెరవకు. 2 గిగాబైట్లు మించిన ఫైళ్ల గుర్తు రెండో జాతిది. తర్వాత ఈఎక్స్‌టీ4లో బ్లాక్ నంబరును 32 బిట్లు దాటించినప్పుడు ఆ గుర్తును మూడో జాతిలో పెట్టారు. మా పాత యంత్రపు డ్రైవర్‌కు అలాంటి ఒక్క బిట్టు ఉండి ఉంటే ఆ పుటలు ఉండేవి.

పార్టిషన్ పట్టిక కూడా అదే దారి పట్టింది. 0వ సెక్టార్‌లో ఉండే పాత పట్టికలో నాలుగు నమోదులు, ఒక్కోదానికి 16 బైట్లు. మొదలు చెప్పడానికి 32 బిట్లు, నిడివి చెప్పడానికి 32 బిట్లు. 429 కోట్ల పైచిలుకు సెక్టార్లు, 2.2 టెరాబైట్లు. ఇంటెల్ నుంచి వచ్చిన ఈఎఫ్‌ఐ ప్రమాణంలో భాగమైన జీపీటీ పట్టిక ఆ సంఖ్యలను 64 బిట్లు చేసింది, డిస్క్ చివర ఒక నకలు పెట్టింది. కానీ నాకు నచ్చింది అది కాదు. 0వ సెక్టార్‌లో పాత పద్ధతి పట్టికను ఒకదాన్ని కూడా ఉంచింది. డిస్క్ అంతా ఒకే పార్టిషన్ అని, దాని జాతి ‘ఈఈ’ అని అందులో ఉంటుంది. కొత్తది తెలియని పనిముట్టు చూస్తే డిస్క్ ఖాళీ కాదని అర్థమవుతుంది, చెయ్యి పెట్టదు. తన కన్నా ముందువాళ్ల భాషలో తన గురించి ఒక హెచ్చరిక రాసిపెట్టుకోవడం గొప్ప మర్యాద.

ఇక కెర్నల్ లోపలి పని. చెప్పడానికి ఒక్క వాక్యం, చేయడానికి ఏళ్లు. లినక్స్ 2.4లో 32 బిట్ల యంత్రాల మీద ఒక డిస్క్ 2 టెరాబైట్లు దాటేది కాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పీటర్ చబ్ 2002లో సెక్టార్ నంబరును 64 బిట్లు చేసే మార్పులు సిద్ధం చేశారు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్‌లో అవి ఉన్నాయి. రకం పేరు ఒక్కచోట మారిస్తే చాలదు. ఎవరో ఒక డ్రైవర్‌లో ఆ నంబరును తాత్కాలికంగా మామూలు పూర్ణాంకంలో పెట్టుకుని ఉంటారు. సీ భాష కిక్కురుమనకుండా పై సగం కోసేస్తుంది. ఇంకెవరో దాన్ని ఒక సంఖ్యతో భాగించి ఉంటారు. 32 బిట్ల యంత్రాల మీద కెర్నల్‌లో 64 బిట్ల భాగహారం మామూలు గుర్తుతో కుదరదు, దానికి వేరే మాక్రో వాడాలి. దోష సందేశంలో సెక్టార్ నంబరు అచ్చు వేసే ప్రతి పంక్తినీ సరిచేయాలి, లేకపోతే డిస్క్ పాడైనప్పుడు తప్పు చోటు చూపిస్తుంది. ఇలాంటి పంక్తులను ఒక్కొక్కటిగా వెతికి దిద్దిన ఓపికకు తగినంత గుర్తింపు దొరకలేదని నా అభిప్రాయం. అంతా చేశాక కూడా 32 బిట్ల యంత్రాలకు 16 టెరాబైట్ల దగ్గర ఇంకో గోడ మిగిలింది. మెమరీలోని పేజీల నంబరు ఇంకా 32 బిట్లే, పేజీ 4 కిలోబైట్లు.

ఫ్రీబీఎస్‌డీలో కథ ఇంకొంచెం వ్యక్తిగతమైనది. 1980లలో బర్క్‌లీ ఫైల్ సిస్టమ్ రాసిన కర్క్ మెక్‌కుసిక్ ఇరవై ఏళ్ల తర్వాత తన పనికే తిరిగొచ్చి, పౌల్-హెనింగ్ కాంప్‌తో కలిసి యూఎఫ్‌ఎస్2 చేశారు. 2003 జనవరిలో 5.0తో అది వాడుకలోకొచ్చింది. బ్లాక్ చిరునామాలు 64 బిట్లయ్యాయి. ప్రతి ఫైలుకూ ఉండే ఐనోడ్ 128 బైట్ల నుంచి 256 అయింది. వెడల్పుకు చెల్లించే ధర అది. చిన్న ఫైళ్లు మాత్రమే ఉన్నవాడు కూడా అది చెల్లించాలి. అందుకే పాతదాన్ని తీసేయకుండా రెండిటినీ పక్కపక్కన నడిపించారు.

దాటేసిన హద్దులు కూడా పూర్తిగా పోవు. ఆ 63 సెక్టార్ల లెక్క గుర్తుందా? దాని వల్ల మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలుపెట్టే ఆచారం ఉండిపోయింది. 2010 ప్రాంతంలో డిస్క్‌లు లోపల 4,096 బైట్ల సెక్టార్లకు మారాయి. 63ను 512తో గుణిస్తే 32,256. అది 4,096తో భాగించబడదు. ఫైల్ సిస్టమ్ రాసే ప్రతి బ్లాకూ రెండు నిజమైన సెక్టార్ల మీద చెరికొంత పడింది. ఒక్క రాత కోసం డిస్క్ రెండిటినీ చదివి, దిద్ది, తిరిగి రాయాల్సి వచ్చింది. కొత్త డిస్క్ కొన్నవాళ్లు ఎందుకింత నెమ్మదో తెలియక తికమకపడ్డారు. ఇప్పుడు పార్టిషన్‌ను 2,048వ సెక్టార్ దగ్గర, అంటే సరిగ్గా 1 మెగాబైటు దగ్గర మొదలుపెడుతున్నాం.

ఈఎక్స్‌టీ4లో మామూలు 4 కిలోబైట్ల బ్లాకుతో ఒక ఫైలు 16 టెరాబైట్లు మించదు. ఫైలు లోపలి బ్లాక్ వరుస ఇంకా 32 బిట్లే కాబట్టి. 20 టెరాబైట్ల డిస్క్‌లు బజారులో ఉన్నాయి. అలాంటి డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా నకలు తీసి అక్కడ దాచలేం. అయితే ఆ హద్దు దగ్గర కెర్నల్ ‘ఫైలు మరీ పెద్దది’ అని చెప్పి ఆగుతుంది. సున్నాకు తిరగదు.

ఆ మూడు రోజుల తర్వాత మాస్టారు నాకొక పరీక్ష నేర్పారు. ఏ కొత్త డిస్క్ అయినా, పార్టిషన్ వేయకముందే, మొదట 0వ సెక్టార్‌లో ఒక మాట రాయాలి. తర్వాత చిట్టచివరి సెక్టార్‌లో వేరే మాట రాయాలి, 137 గిగాబైట్లు, 2.2 టెరాబైట్లు వంటి ప్రతి పాత గీత దాటగానే వచ్చే మొదటి సెక్టార్‌లో కూడా. యంత్రం ఆపి మళ్లీ ఆన్ చేసి 0వ సెక్టార్ చదవాలి. కొలత ఎక్కువ చూపించి అమ్మే నకిలీ పెన్‌డ్రైవ్‌లు కొన్ని కూడా ఈ పరీక్షలో దొరికిపోతాయి. వాటిలో అసలు కొలత దాటి రాసింది మొదట్లోకి తిరిగొస్తుంది. 0వ సెక్టార్‌లో ఆయన ఎప్పుడూ ఆ రోజు తేదీ రాసేవారు. పాత ఉపన్యాసాల ఆడియో టేపులను డిజిటల్ చేసి దాచడానికి పోయిన నెల 20 టెరాబైట్ల డిస్క్ ఒకటి వచ్చింది. నేనూ తేదీ రాశాను, గీతల దగ్గరా చివరా రాశాను, ఆపి ఆన్ చేశాను. తేదీ అలాగే ఉంది. ఆ తర్వాతే మొదటి టేపు ఎక్కించాం. అందులో ఉన్నది ఆయన గొంతే.